పాత పార్టీని సరిచేసుకుందామా, మూడో పార్టీ కట్టుకుందామా? మహారాష్ట్రలోని నాందేడ్, గడ్చిరోలి సరిహద్దు తెలుగువారి చర్చ

గోదావరి గట్టు (ధర్మాబాద్)

అందరికీ నమస్కారం. మా ధర్మాబాద్, బిలోలి వైపు నలుగురు కూర్చున్న చోటల్లా మళ్లీ అదే మాట వినిపిస్తోంది. ఈ పెద్ద పార్టీలతో పని జరగదు, కొత్తది రావాలి అని. ఇదే మాట 2023లోనూ విన్నాం. ఆ ఏడాది ఫిబ్రవరి 5న నాందేడ్‌లో కేసీఆర్ సభ పెట్టారు. తెరాస కాస్తా భారత రాష్ట్ర సమితి అయ్యాక తెలంగాణ బయట జరిగిన మొదటి సభ అది. మార్చిలో లోహా, ఏప్రిల్‌లో ఔరంగాబాద్. "అబ్ కీ బార్ కిసాన్ సర్కార్" అన్న నినాదం ఊరూరా పాకింది. గోదావరి అవతల చుట్టాల ఖాతాల్లో రైతుబంధు డబ్బు పడుతుంటే, ఇవతల అదే నల్లరేగడి దున్నుకునే మనకు ఆశ పుట్టింది. అందులో తప్పేమీ లేదు.

డిసెంబరు 3న తెలంగాణలో ఆ పార్టీ ఓడింది. ఆ తర్వాత ఇక్కడ కండువా కప్పుకున్నవారి ఫోను ఎత్తేవాళ్లే లేకపోయారు. మరుసటి ఏడాదికల్లా రాష్ట్ర శాఖ నాయకులు చాలామంది శరద్ పవార్ పార్టీలో చేరిపోయారు. ఊళ్లలో జెండా మోసినవారిని మాత్రం ఎవరూ పిలవలేదు.

అందుకే నా మాట ఇది. పైనుంచి దిగిన పార్టీ పైనుంచే లేచిపోతుంది. ఉన్న పెద్ద పార్టీకి ప్రతి ఊళ్లో బూత్ ఉంది, గుర్తు ఉంది, ముసలివాళ్లకు సైతం తెలిసిన పేరు ఉంది. మనం వందలమందిగా సభ్యత్వం తీసుకుని అందులోకి వెళ్లి, తాలూకా కమిటీలు చేతికి తెచ్చుకోవాలి. ఆలస్యమైనా అదే దారి. మీరేమంటారు?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ కిసాన్ సర్కార్ మాట మా దగ్గర ఎలా వినిపించిందో చెప్పాలి. 2016 ఆగస్టులో మేడిగడ్డ మీద రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ముంబైలో సంతకాలు చేశారు. 2019లో బరాజ్ మొదలైంది. అప్పటినుంచి వెనక్కి తన్నిన నీళ్లలో మా తాలూకా పొలాలు మునుగుతున్నాయి. వరద దిగాక చేనులోకి వెళితే పత్తి మొక్క కనబడదు, మోకాలు లోతు ఇసుక మేట కనబడుతుంది. నిర్ణయం హైదరాబాద్‌లో జరిగింది. పరిహారం అడగాల్సింది గడ్చిరోలిలో. రెండు చోట్లా ఉన్నవి పెద్ద పార్టీలే, రెండు చోట్లా మా గొంతు లేదు.

ఇక లోపలికి వెళ్లి సరిచేయడమా? మా అహేరీ నియోజకవర్గం చూడండి. 2024 నవంబరులో అజిత్ పవార్ పార్టీ నుంచి ధర్మరావు బాబా ఆత్రాం, శరద్ పవార్ పార్టీ నుంచి ఆయన కూతురు భాగ్యశ్రీ, స్వతంత్రుడిగా ఆయనకు కొడుకు వరుసయ్యే అంబరీష్‌రావు. మొదటి మూడు స్థానాలూ ఒకే రాజకుటుంబానికి వచ్చాయి. ఏ పార్టీలో చేరి ఎవరిని సరిచేయమంటారు? మాకు మూడోది కావాలి. అది మా గూడెం నుంచి, మా వాడ నుంచి రావాలి.

మిరప కల్లం (ధర్మాబాద్)

నాది చిన్న మాట. గోదావరి మీది బాభళీ బరాజ్ గేట్లు జులై 1న ఎత్తుతారు, అక్టోబరు 28 దాకా దించరు. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క అది. గేట్లు ఎత్తే రోజు రెండు రాష్ట్రాల అధికారులూ వస్తారు, ఫొటోలు దిగుతారు. నదికి అటూ ఇటూ ఒకే భాష మాట్లాడే రైతులను కూర్చోబెట్టి అడిగిన పార్టీ ఒక్కటీ నేను చూడలేదు. 2010లో చంద్రబాబు నాయుడిని ఇక్కడే అరెస్టు చేసినప్పుడు దేశమంతా ధర్మాబాద్ పేరు విన్నది. ఆ వారం గడిచాక మమ్మల్ని తలచుకున్నవారు లేరు. కొత్త పార్టీ అయినా పాత పార్టీ అయినా ముందు ఈ నీళ్ల మాట ఎత్తుతుందా అని అడగండి.

దేగ్లూర్ మాస్టారు

సిరొంచ తమ్ముడూ, మీ కోపం న్యాయమైనదే. మూడో పార్టీ అనగానే అందరం కేసీఆర్ దగ్గరే ఆగిపోతున్నాం. మన జిల్లాకు అంతకంటే పాత అనుభవం ఉంది. 1956 దాకా మనం హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాం. ఆ తర్వాత కాంగ్రెస్ ఊపు మీద ఉన్న రోజుల్లోనే కంధార్‌లో కేశవరావు ధోండ్గే రైతు కూలీల పార్టీ, అదే షేత్కరీ కామగార్ పక్షం, ఎర్రజెండా పట్టుకుని మళ్లీ మళ్లీ గెలిచారు. 1977లో నాందేడ్ ఎంపీ కూడా అయ్యారు. శంకరరావు చవాన్ వంటి నాయకుడు ఉన్న జిల్లాలో ఇది జరిగింది. ధోండ్గే 2023 జనవరి 1న నూరేళ్లు దాటిన వయసులో పోయారు. ఆయన బడులు పెట్టారు, ఊళ్లలో నిలిచారు, ఏటికేడు పోరాటాలు నడిపారు. ఓట్లు ఆ పనికి పడ్డాయి.

మరోవైపు శరద్ జోషి పెట్టిన రైతు సంఘం, షేత్కరీ సంఘటన చూడండి. ఉల్లి ధర మీద, పత్తి ధర మీద లక్షలమందిని రోడ్డు మీదికి తెచ్చిన ఉద్యమం అది. 1994లో స్వతంత్ర భారత్ పక్షంగా పార్టీ పెట్టాక ఆ జనం ఓట్లుగా మారలేదు. రైతు పొద్దున రాస్తారోకోలో సంఘటనతో ఉంటాడు, ఓటు రోజున తన కులపు నాయకుడితో ఉంటాడు. మహారాష్ట్ర నవనిర్మాణ సేన 2009లో 13 స్థానాలు గెలిచింది, 2014లో ఒకటి, 2019లో ఒకటి, 2024లో సున్నా. నాందేడ్ నగరపాలికలో మజ్లిస్ 2012లో 11 స్థానాలతో అడుగుపెట్టి, 2017లో ఖాళీ చేతులతో మిగిలింది. మూడో పార్టీ పుట్టడం కష్టం కాదు. రెండో ఎన్నిక దాకా బతకడమే కష్టం.

తెలుగువాళ్లం కాబట్టి తెలుగుదేశం గుర్తొస్తుంది. 1982 మార్చి 29న పుట్టి 1983 జనవరిలో అధికారానికి వచ్చింది. నిజమే. కానీ ఎన్టీఆర్‌కు సినిమా ఇచ్చిన ముప్పై ఏళ్ల పేరు ఉంది. అప్పటికి కాంగ్రెస్ ముఖ్యమంత్రులను ఢిల్లీ ఇష్టమొచ్చినట్టు మార్చి జనానికి విసుగు పుట్టించింది. ఆ రెండూ కలవకపోతే తొమ్మిది నెలల ముచ్చట జరిగేది కాదు. మళ్లీ 1995 ఆగస్టులో ఆ పార్టీ వ్యవస్థాపకుడి చేతిలోంచే జారిపోయింది.

బిలోలి వకీలు

మాస్టారు గారు చరిత్ర చెప్పారు. నేను కాగితం గురించి చెబుతాను, ఎందుకంటే అసలు కీలకం అక్కడే ఉంది. మన రాష్ట్రంలో అందరి నోటా నలిగే ఏబీ ఫారం. ఏ ఫారం అంటే, టికెట్టు ఇచ్చే అధికారం ఎవరి సంతకానికి ఉందో పార్టీ తెలియజేసేది. బీ ఫారం అంటే, ఆ సంతకం ఎవరి పేరు మీద పడిందో చెప్పేది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలలోపు రెండూ ఎన్నికల అధికారి చేతికి చేరాలి. సిరాతో చేసిన సంతకమే చెల్లుతుంది, నకలు చెల్లదు.

ఒకసారి ఒక పెద్ద పార్టీ కార్యకర్తకు నామినేషన్ పత్రాలు నేనే నింపాను. పార్టీ పేరు చెప్పను. ఇరవై ఏళ్లుగా ఆ జెండా మోసిన మనిషి. ప్రమాణపత్రం, ఆస్తుల వివరాలు, డిపాజిట్ రసీదు అన్నీ సిద్ధం. తహసీల్ కార్యాలయం వరండాలో కూర్చుని ఫారం కోసం చూస్తున్నాం. మూడు కావడానికి కొద్దిసేపు ముందు జీపు వచ్చింది. బీ ఫారం మీద మరొకరి పేరు ఉంది. ఆ పేరుగల మనిషి ముందురోజే పార్టీలో చేరాడు. మా కార్యకర్త ఆ కవరు అందుకున్న ముఖం నేను మరచిపోలేను. ఆయన సాయంత్రం మళ్లీ అదే పార్టీ ప్రచారానికి వెళ్లాడు, ఎందుకంటే వేరే చోటు లేదు.

గోదావరి గట్టు అన్నా, తాలూకా కమిటీ మొత్తం మీదే అనుకుందాం. ఫారం మీద సంతకం ముంబైలోనో ఢిల్లీలోనో పడుతుంది. మీ తీర్మానాన్ని వాళ్లు చూడాలని ఏ చట్టమూ చెప్పదు. 1999లో లా కమిషన్ 170వ నివేదికలో పార్టీల లోపల ప్రజాస్వామ్యం తప్పనిసరి చేయమంది. అది కాగితం మీదే ఉండిపోయింది. 2002లో సుప్రీంకోర్టు, కొన్ని మినహాయింపులు తప్ప పార్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని తేల్చింది. అంటే పార్టీ లోపల ఎన్నికలు సరిగా జరపకపోయినా పోయేదేమీ లేదు.

ఇంకొకటి. శివసేన 2022లో చీలింది, పవార్‌ల రాష్ట్రవాది కాంగ్రెస్ (ఎన్సీపీ) 2023లో చీలింది. పేరూ గుర్తూ ఎవరివని ఎన్నికల సంఘం తేల్చినప్పుడు రెండుసార్లూ తూకం ఎమ్మెల్యేలు, ఎంపీల సంఖ్య మీదే పడింది. ఊళ్లో సభ్యత్వ రసీదు పట్టుకున్నవాడి బరువు లెక్కలోకి రాలేదు. లోపలికి వెళ్లి మార్చాలనుకునేవారు ఇది గుండె మీద రాసుకోవాలి.

గోదావరి గట్టు (ధర్మాబాద్)

వకీలు గారూ, మీరు చెప్పిన కష్టం కాదనను. కానీ రెండో వైపు నష్టం కూడా లెక్కించండి. 2019 లోక్‌సభలో నాందేడ్‌లో కాంగ్రెస్ అభ్యర్థి అశోక్ చవాన్ సుమారు 40 వేల ఓట్ల తేడాతో ఓడారు. వంచిత్ బహుజన్ ఆఘాడీ అభ్యర్థికి లక్షా 66 వేలకు పైగా వచ్చాయి. మూడోవాడికి వేసిన ఓటు ఎవరిని గెలిపించిందో కనబడటం లేదా? నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతి మనది. ఈ పద్ధతిలో చీల్చుకుంటే పోయేది మనమే.

కిన్వట్ టీచరమ్మ

> మూడోవాడికి వేసిన ఓటు ఎవరిని గెలిపించిందో కనబడటం లేదా?

అన్నయ్యా, ఈ లెక్క ఇంకా ముందుకు చదవండి. చీలకూడదని మీరు బాధపడిన ఆ ఓటు ఎవరికోసం? ఆ నాయకుడే 2024 ఫిబ్రవరిలో భాజపాలో చేరారు. 2019లో భాజపా తరఫున ఆయన మీద గెలిచిన చిఖలీకర్ 2024 అక్టోబరులో అజిత్ పవార్ పార్టీలోకి వెళ్లి లోహాలో గెలిచారు. దేగ్లూర్‌లో 2021 ఉపఎన్నికలో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన జితేష్ అంతాపుర్కర్ 2024లో భాజపా అభ్యర్థిగా గెలిచారు. ఆ ఉపఎన్నికలో ఆయన మీద భాజపా నుంచి పోటీ చేసిన సాబ్నే, అంతకుముందు శివసేన ఎమ్మెల్యే. ఓటరు చీలిపోకుండా నిలబడ్డాడు, నాయకులు గోడ దూకారు. ఆ లక్షా 66 వేల మంది ఓటు ఏ పార్టీ సొత్తూ కాదు. తమను పట్టించుకోలేదని చెప్పడానికి వాళ్లు వేసిన ఓటు అది. ఆ మాట పెద్ద పార్టీ విని ఉంటే 2019 తర్వాత వాళ్ల గుమ్మం తొక్కేది.

ఇక నేను దగ్గరగా చూసింది. మా పక్క ఊళ్లో గోండులు, బంజారాలు, తెలుగువాళ్లు కలిసి ఉంటారు. గ్రామపంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదని మీకు తెలుసు, ప్యానెళ్లు నిలబడతాయి. ఎప్పుడూ రెండు ప్యానెళ్లు ఉండేవి, రెండింటి వెనకా పెద్ద పార్టీల మనుషులు. ఒకసారి ఆడవాళ్ల పొదుపు సంఘాలు మూడోది నిలబెట్టాయి. సర్పంచి పదవి రాలేదు, వార్డు సభ్యులు కొందరు గెలిచారు. గెలిచినవాళ్లు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? గ్రామసభలో లెక్కల పుస్తకం తెరిపించి, పదిహేనో ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయి, ఏ మోరీకి ఎంత పెట్టారు అని వరుసగా చదివించారు. మాది షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం) కింద వచ్చే ఐదు శాతం నిధి లెక్క కూడా చదివించారు. చదువుతున్న గ్రామసేవకుడు మంచినీళ్లు అడిగి తాగాడు. వెనక కూర్చున్న ముసలమ్మలు ఆ మోరీ ఎక్కడుందో చూపించమన్నారు. ఆ మోరీ కట్టనే లేదు.

మరుసటి నెల నుంచి పెద్ద పార్టీల వాళ్లే ఆ సంఘం నాయకురాళ్ల ఇళ్లకు రావడం మొదలుపెట్టారు. లోపలికి వెళ్లి బతిమాలితే రాని మర్యాద, బయట నిలబడి లెక్క అడిగితే వచ్చింది. అందుకే ముందు ఎక్కడ నిలబడాలన్న పేచీ నాకు చిన్నది. అసెంబ్లీ నుంచి కిందికి రావద్దు, గ్రామసభ నుంచి పైకి వెళ్లండి.

నాందేడ్ విద్యార్థి

రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. వకీలు సార్ చెప్పిన సంతకం సంగతికి ఒక పోలిక చెబుతాను. అమెరికాలోనూ రెండే పెద్ద పార్టీలు. 1992లో రాస్ పెరో స్వతంత్రంగా నిలబడి దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నా, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. అదే 2016లో బెర్నీ శాండర్స్ డెమొక్రాటిక్ పార్టీ లోపలే టికెట్టు కోసం పోటీ పడ్డారు. హిల్లరీ క్లింటన్ చేతిలో ఓడారు, కానీ ఆయన మాటలు ఆ పార్టీ నోటికి ఎక్కాయి. అక్కడ అది ఎందుకు కుదిరింది? టికెట్టు ఎవరికో తేల్చేది ప్రైమరీ అనే ముందస్తు ఎన్నికలో మామూలు ఓటరు వేసే ఓటు. మనకు అది లేదు. కాబట్టి అక్కడి "లోపలినుంచి మార్చు" అన్న సలహా ఇక్కడ అతకదు.

మూడో పార్టీ రెండో పార్టీ అవడం కూడా అక్కడ ఒక్కసారే గట్టిగా జరిగింది. 1854లో రిపబ్లికన్ పార్టీ పుట్టే నాటికి బానిసత్వం ప్రశ్న మీద విగ్ పార్టీ కూలిపోతోంది. ఖాళీ అయిన చోట అది నిలబడింది. మన దగ్గర ఆమ్ ఆద్మీ పార్టీ 2012లో పుట్టి 2015లో ఢిల్లీలో 70కి 67 గెలిచింది, అక్కడా కాంగ్రెస్ ఖాళీ చేసిన చోటే దొరికింది. అదే ఏడాది యోగేంద్ర యాదవ్‌నూ ప్రశాంత్ భూషణ్‌నూ బయటికి పంపింది. 2025లో 22 స్థానాలకు దిగింది. కొత్త పార్టీకీ ఒకే చేతి సంతకం జబ్బు పట్టుకుంటుందని నా భయం.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

విద్యార్థి తమ్ముడూ, బాగా చెప్పావు. కానీ భయం చూసి ఆగిపోతే మా పొలాల్లో ఇసుక ఎవరు తీస్తారు? 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగినప్పుడు తెలంగాణలో అది ఎన్నికల అంశం అయింది. అటువైపు ఎవరెవరికి నష్టమో రోజూ టీవీలో వాదించుకున్నారు. ఇటు ఒడ్డున మునిగినవారి పేరు ఎవరూ ఎత్తలేదు. టీచరమ్మ చెప్పిన గ్రామసభ దారి నాకు నచ్చింది. మాదీ షెడ్యూల్డ్ ప్రాంతమే. అయితే భూపరిహారం గ్రామసభ చేతిలో లేదు, కలెక్టరు చేతిలో, మంత్రి చేతిలో ఉంది. అక్కడిదాకా మన మనిషి వెళ్లాలి.

మిరప కల్లం (ధర్మాబాద్)

జిల్లా పరిషత్ సంగతి ఎవరూ అనలేదు. 2022 మార్చిలో గడువు ముగిశాక ఏళ్ల తరబడి అధికారుల పాలనే నడిచింది. ఎన్నికలు పెట్టమని ఏ పెద్ద పార్టీ ఊరేగింపు తీసింది? 2025 మేలో సుప్రీంకోర్టు చెబితే గాని కదలిక రాలేదు. ఊరి మనిషి పైకి ఎక్కే మెట్టే అది. ఆ మెట్టు తీసేసి మమ్మల్ని లోపలికి వచ్చి సరిచేయమంటే ఎలా?

నిర్వాహకులు

రెండు వ్యాఖ్యలు తొలగించాం. నాయకులను విమర్శించండి, కులాలను తిట్టవద్దు. చర్చ బాగా సాగుతోంది, కొనసాగించండి.

దేగ్లూర్ మాస్టారు

మిరప కల్లం గారు మంచి చోట పట్టుకున్నారు. ధోండ్గే కాలంలో పంచాయతీ సమితి, జిల్లా పరిషత్, మార్కెట్ కమిటీ, ఇవే బడులు. ఓడినా మనిషి ఆ కుర్చీల చుట్టూ ఉండి పని నేర్చుకునేవాడు. ఇప్పటి కొత్త పార్టీలు నేరుగా అసెంబ్లీకి పోటీ పెట్టి, డిపాజిట్ పోగొట్టుకుని, మరుసటి రోజు దుకాణం మూసేస్తున్నాయి. సోయాబీన్‌కు 2024-25లో మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలని కేంద్రం ప్రకటించింది. మార్కెట్‌లో అంతకు తక్కువకే అమ్ముకున్నాం. మార్కెట్ కమిటీలో మనవాళ్లు నలుగురు ఉండి ఉంటే, తేమ ఎక్కువ ఉందని తూకం దగ్గర కోసేటప్పుడైనా అడ్డుపడేవారు. పార్టీ పేరు తర్వాత సంగతి.

గోదావరి గట్టు (ధర్మాబాద్)

అందరి మాటలూ చదివాను. పెద్ద పార్టీని వదిలేయాలని నేను ఇప్పటికీ అనను. రాష్ట్రం నడిపేది ఆ పార్టీలే, నీళ్ల మీద సంతకాలు పెట్టేది ఆ పార్టీలే. కానీ సభ్యత్వం తీసుకుంటే చాలదని వకీలు గారి కాగితం తేల్చింది. కాబట్టి నా అడుగు ఇలా మార్చి చెబుతున్నాను. తాలూకాలో మనమంతా ఒక్క షరతు మీద కలుద్దాం. జిల్లా పరిషత్ టికెట్టు ఎవరికివ్వాలో ఆ నియోజకవర్గంలోని పార్టీ సభ్యులే రహస్య ఓటుతో తేల్చాలి. కాంగ్రెస్ 2022 అక్టోబరులో తన అధ్యక్ష పదవికే ఓటు పెట్టింది. ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 వచ్చాయి. ఢిల్లీ పీఠానికి పెట్టగలిగినప్పుడు ధర్మాబాద్ జిల్లా పరిషత్ సీటుకు పెట్టలేమని ఎవరూ అనలేరు. ఏ పార్టీ ఒప్పుకుంటే ఆ పార్టీకి పనిచేద్దాం. ఏదీ ఒప్పుకోకపోతే ఆ సీటుకు మన ప్యానెల్ మనిషినే నిలబెడదాం. సిరొంచలో ప్రాణహిత తమ్ముడు ముందే నిలబెట్టుకుంటే నేను అభ్యంతరం చెప్పను, అక్కడి పరిస్థితి వేరు.

కిన్వట్ టీచరమ్మ

షరతు బాగుంది అన్నయ్యా. ఒకటి చేర్చండి. ఆ సభ్యుల జాబితా ముందుగానే గ్రామపంచాయతీ గోడ మీద అంటించాలి. లేదంటే ఓటు ముందురోజు లారీలో సభ్యులు దిగుతారు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

సరే, ఒప్పుకున్నాను. వకీలు గారూ, ఒక సందేహం. మేం, కిన్వట్ వాళ్లు, బిలోలి వాళ్లు వేర్వేరు నియోజకవర్గాల్లో అసెంబ్లీకి నిలబడితే అందరికీ ఒకే గుర్తు దొరుకుతుందా?

బిలోలి వకీలు

పార్టీగా రిజిస్టరు కావడం తేలికే. ఓటర్లయిన సభ్యులు కనీసం వందమంది ఉండాలి, పార్టీ పెట్టిన 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. ఒకే గుర్తు మాత్రం కష్టం. గుర్తింపు లేని పార్టీ ఒకే గుర్తు కోరాలంటే అసెంబ్లీ స్థానాల్లో కనీసం 5 శాతం చోట్ల పోటీ చేయాలి. మన రాష్ట్రంలో 288 ఉన్నాయి కాబట్టి 15 చోట్ల. మూడు చోట్లే అయితే ఎక్కడికక్కడ ఖాళీగా ఉన్న గుర్తుల్లోంచి కోరుకోవాలి. సిరొంచలో ఒకటి, బిలోలిలో మరొకటి రావచ్చు.

పెద్ద పార్టీ అభ్యర్థికి ప్రతిపాదకుడు ఒక్కడు చాలు, మీకు పదిమంది కావాలి. పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. ఒక్కరు ఆ నియోజకవర్గం ఓటరు కాకపోయినా పరిశీలనలో నామినేషన్ పోతుంది. అహేరీ ఎస్టీ స్థానం, డిపాజిట్ 5,000. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే తిరిగి వస్తుంది. ప్రతిపాదకుల ఓటరు సంఖ్యలు ఇప్పుడే జాబితాలో సరిచూసుకోండి. కాగితాలు సిద్ధమయ్యాక నాకు పంపండి, ఒకసారి చదివి ఇస్తాను, ఫీజు వద్దు.